షిబాం మేడలు: ఇరుకు స్థలంలో ఉమ్మడి కాపురం

యెమెన్ దేశంలోని హద్రమౌత్ లోయలో, ప్రాకారం నడుమ షిబాం పట్టణం వెలసింది. 1532-33లో వచ్చిన వరద దానిని చాలావరకు ధ్వంసం చేసింది. పునర్నిర్మాణానికి పూనుకున్నవారికి స్థలం స్వల్పం. ప్రాకారం దాటితే పంటపొలాలు, ఖర్జూరపు తోటలు. అక్కడ ఇళ్లు కడితే తిండిగింజలకే మోసం. పైగా వరద భయం, శత్రుభయం. అందుచేత పెరిగే కుటుంబం పక్కకు కాక పైకి విస్తరించింది.

ఈ మేడలు పచ్చి ఇటుకలతో ఏడంతస్తుల వరకు లేచాయి. గోడలు అడుగున మందంగా, పైకి పోయేకొద్దీ పలుచగా ఉంటాయి. నేల అంతస్తులో ధాన్యం నిల్వచేసేవారు. ఆపైన పురుష అతిథుల గది, ఇంకా పైన స్త్రీలు, పిల్లలు ఉండే గదులు. ఇంటికి ఎవరు వచ్చినా లోపలివారి ఏకాంతానికి భంగం కలగదు. పై అంతస్తుల్లో పొరుగింటికి ద్వారాలున్న మేడలు కూడా ఉన్నాయి. వాటివల్ల వీధిలోకి దిగకుండానే రాకపోకలు సాగేవి.

అయితే మెట్లు, గోడలు, కప్పు ఉమ్మడివైనప్పుడు హక్కుల మాటేమిటి? ధర్మశాస్త్రవేత్తలు ఈ ప్రశ్నను ఏనాడో చర్చించారు. హద్రమౌత్ వాసులు షాఫయీలు. హనఫీ మద్రసాలలో బోధించే 'హిదాయా'లోనూ ఈ సమస్య కనబడుతుంది. కింది అంతస్తు ఒకరిది, పై అంతస్తు మరొకరిది అయినప్పుడు, పైవాని సమ్మతి లేకుండా కిందివాడు తన గోడకు మేకు కూడా కొట్టరాదని ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం. పైవానికి హాని కలగనంతవరకు చేసుకోవచ్చునని ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్‌లు అన్నారు. తీర్పులు వేరైనా ఉద్దేశం ఒక్కటే: ఒకరి సొంతం మరొకరి నెత్తిమీదికి రాకూడదు.

ఈ పట్టణానికి హైదరాబాదుతోనూ సంబంధం ఉంది. నిజాం సైన్యంలో జమేదారుగా ధనం ఆర్జించిన ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ వంశం 1858లో షిబాంను వశపరచుకుంది. బార్కస్‌లో స్థిరపడిన అరబ్బులలో అనేకుల పూర్వీకులు హద్రమౌత్ వారే.

షిబాంను 1982లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2008 వరదలు దానిని మళ్లీ దెబ్బతీశాయి. యుద్ధం మూలంగా 2015లో అది ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాకెక్కింది. మట్టిమేడ పైకప్పుకు ఎప్పటికప్పుడు సున్నపు పూత వేయకపోతే వాన నీరు గోడల్లోకి దిగుతుంది. పైన ఉన్నవారు ఉపేక్షిస్తే కింద ఉన్నవారి గోడ కూలుతుంది. నేడు నగరాలలో వంద గజాల స్థలంలో తల్లిదండ్రులకు ఒక అంతస్తు, కొడుకులకు తలొక అంతస్తు కట్టేవారు గదుల కొలతలతోపాటు కప్పు మరమ్మతు ఎవరి బాధ్యతో కూడా ముందుగానే వ్రాసుకోవడం శ్రేయస్కరం.