బస్సు: ఒక విభక్తి ప్రత్యయము కథ

మనూరు మంజీరా ప్రాంతపు గ్రామము. అది పూర్వపు నారాయణఖేడ్ తాలూకాలోనిది. ఈ తాలూకా 1956 వఱకు బీదరు జిల్లాలో నుండెను. ఆ యేడు నవంబరు 1న రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణముతో మెదకు జిల్లాలో చేరెను. ఈ ప్రాంతము 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. సరిహద్దు సీమ యగుటచే నిచ్చట తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ కలగలసి వినబడును.

ఇట్టి చోట “బస్” అని యెవరైన నన్నచో క్షణము నిలిచి యోచింపవలెను. ఉర్దూలో నది “చాలు”. మరాఠీలో “కూర్చుండు”. మన తెలుగు “బస” విడిది. క్రిక్కిఱిసిన బండిలో “బస్, బస్” అన్న కేక వినబడినచో, చాలుననుటయో, కూర్చుండుమనుటయో శ్రోతలే నిర్ణయింతురు గాక. వీనిలో నేదియు మన బస్సునకు చుట్టము కాదు.

ఆ మాట పుట్టిల్లు లాటిన్ భాష. “ఆమ్నిబస్” అనగా “అందఱికొఱకు”. 1820ల చివర ఫ్రాన్సులో, నాంత్ పట్టణమునను పిదప పారిసునను, చిల్లర కూలికి దారిపొడుగున జనులనెక్కించుకొను గుఱ్ఱపుబండ్లకీ పేరు వచ్చెను. నాంత్‌లో ఆమ్నెస్ అను వర్తకుని దుకాణపు పలకనుండి యీ పేరు పుట్టెనని యొక కథ కలదు. కథ ముచ్చటైనదే గాని నమ్మదగిన యాధారము లేదు. 1829 జూలై 4న జార్జి షిల్లిబీరు లండనులో నిట్టి బండి నడపెను. మూడు గుఱ్ఱములు, పాడింగ్టన్ నుండి బ్యాంకు వఱకు షిల్లింగు కూలి. నాటి కూలివానికది మోయరాని వెల. పేరు మాత్రము “అందఱికొఱకు”!

కొలదికాలములోనే ఆంగ్లేయులు పొడుగు మాటను త్రుంచి “బస్” అనిరి. ఇందలి వింత వ్యాకరణము చదివినవారికి తెలియును. “అందఱు” అను భాగమంతయు పోయినది. మిగిలినది చతుర్థీ బహువచన ప్రత్యయము. మనము “అందఱికొఱకు” అను మాటలో “అందఱి”ని పాఱవైచి, “కొఱకు ఎక్కి పట్నము పోయితిమి” అన్నట్లే! సంస్కృతమున “రామేభ్యః” అని బాలురు వల్లించు రూపము చివరి “భ్యః”, ఈ “బస్” ఒక్క తల్లి బిడ్డలు. తెలుగు దానికి ద్విత్వమిచ్చి, ఉకారము చేర్చి, బహువచనమున “బస్సులు” అని తన నామవాచకముగా చేసికొనెను.

పోయిన ఆ “అందఱు” మాటయే చరిత్రలో తగవు. 1662లోనే పాస్కల్ పండితుని యోచనతో పారిసులో ఐదు సూల బండ్లు నడచెను. న్యాయసభ సైనికులను, సేవకులను, కూలివారిని వానినెక్కరాదనెను. మన దేశమున అస్పృశ్యత పేర ప్రజావాహనములలో నెవరినైన నడ్డగించుట శిక్షార్హమని 1955 నాటి శాసనము పలికెను. అదే యేడు డిసెంబరులో అమెరికాలోని మాంట్‌గమరీలో రోసా పార్క్స్ అను నల్లజాతి స్త్రీ బస్సులో తన చోటు విడువనన్నందులకు నిర్బంధింపబడెను.

హైదరాబాదు సంస్థానమున 1932లో నిజాం రైలు రోడ్డు రవాణాశాఖ 27 బస్సులతో, 166 మంది యుద్యోగులతో మొదలయ్యెను. అదియే 1951లో రాష్ట్ర ప్రభుత్వపు చేతికి వచ్చి, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా మాఱెను. రైలు చూడని మనూరు వంటి గ్రామములకు ఆసుపత్రియు, కళాశాలయు, కచేరియు బస్సు చివరనే యుండును.

2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణము ఉచితమయ్యెను. కర్ణాటకము అదే యేడు జూన్ 11న తన స్త్రీలకట్టి సౌకర్యమే కల్పించి యుండెను. రెండు రాష్ట్రముల నియమములు రెండు. నారాయణఖేడ్ ప్రాంతపు స్త్రీ బీదరునకు తెలంగాణ బస్సెక్కినచో రాష్ట్రపు హద్దు వఱకే ఆమె చీటిపై వెల సున్న. హద్దు దాటిన పిదప దారికి ఆమె డబ్బు చెల్లింపవలెను.