కంప్యూటర్లలో ఒక కరెక్షన్ స్లిప్ కథ

మన ఆఫీసుల్లో పనిచేసిన వారెవరికీ కరెక్షన్ స్లిప్ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. 1922లో అమలులోకి వచ్చిన ఫండమెంటల్ రూల్సునే మనం సర్వీసు పొడుగునా వాడాం. పుస్తకం అదే. సవరణ వచ్చినప్పుడల్లా చీటీ కత్తిరించి, జిగురు రాసి, ఆ పేజీలో అతికించేవాళ్ళం. కంప్యూటర్లలోనూ ఇదే పద్ధతి ఉందనీ, అలాంటి ఒక అతికింపు వల్ల ఎందరో తిప్పలు పడ్డారనీ మా మనవడు చెప్పాడు. నాకు అర్థమయ్యేదాకా వాణ్ణి అడిగి, మన సభ్యుల కోసం రాస్తున్నాను.

కంప్యూటరులో అన్నిటికీ అడుగున ఉండి ప్రోగ్రాములన్నిటికీ పని పంచే భాగాన్ని కెర్నెల్ అంటారు. లినక్స్ అనే కెర్నెల్ ను 1991లో ఫిన్లాండులో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టారు. దానికి రెండు మూడు నెలలకొక కొత్త కూర్పు వస్తుంది. పెద్ద సంస్థలు అంత త్వరత్వరగా మార్చుకోలేవు. అందుకని రెడ్ హ్యాట్ వంటి కంపెనీలు ఒక కూర్పును ఏళ్ళ తరబడి నిలకడగా ఉంచి, కొత్తవాటిలోని అవసరమైన మార్పులను మాత్రం ఏరి తెచ్చి దానికి అతికిస్తాయి. 2010 నవంబరులో ఆ కంపెనీ విడుదల చేసిన 6వ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ కు ఆధారం 2009 డిసెంబరు నాటి 2.6.32 కెర్నెల్.

ఇక అసలు సంగతి. ప్రోగ్రాములో ఒక భాగం మరొక భాగం కోసం ఆగవలసి వస్తే కెర్నెల్ దాన్ని నిద్రపుచ్చి, పని రాగానే లేపుతుంది. ఈ ఏర్పాటును ఫ్యూటెక్స్ అంటారు. మన భాషలో చెప్పాలంటే, అటెండరు ముందు రిజిస్టరులో తన పేరు రాసి, ఆ తరువాత ట్రే చూడాలి. ఫైలు లేకపోతే బల్ల మీద కునుకు తీయవచ్చు. గుమాస్తా ముందు ఫైలు ట్రేలో పెట్టి, ఆ తరువాత రిజిస్టరు చూడాలి. పేరుంటే గంట కొట్టాలి, లేకపోతే కొట్టనక్కరలేదు. ఇద్దరూ ఈ వరుస తప్పనంతకాలం చిక్కు లేదు. గుమాస్తా ఫైలు ఇంకా చేతిలో ఉండగానే రిజిస్టరు చూశాడనుకోండి. అప్పటికి పేరు లేదు. అదే క్షణంలో అటెండరు పేరు రాసి ట్రే చూశాడు. ఫైలు లేదు. పడుకున్నాడు. తరువాత ఫైలు ట్రేలోకి వచ్చింది గాని, గంట మోగలేదు. అటెండరు ఇక లేవడు.

నేటి ప్రాసెసర్లు వేగం కోసం ఇలా వరుస తప్పిస్తూనే ఉంటాయి. ఫైలు ట్రేలో పడేదాకా ముందుకు పోవద్దని వాటికి ఆజ్ఞ ఇవ్వాలి. దాన్ని బ్యారియర్ అంటారు. రిజిస్టరులో పేరు లేకపోతే గంట మానుకునే సౌకర్యం 2014లో వచ్చిన 3.14 కూర్పులో చేరింది. కాని కొన్ని రకాల ఫ్యూటెక్సుల విషయంలో ఆ ఆజ్ఞ లేకుండా పోయింది. 2014 అక్టోబరులో తప్పు కనిపెట్టి, ఆ ఆజ్ఞ చేర్చి సరిదిద్దారు. అది 3.18 కూర్పులో వచ్చింది. సరిగ్గా అదే నెలలో రెడ్ హ్యాట్ తన 6.6 ను విడుదల చేసింది. అందులో 3.14 నాటి మార్పు అతికించి ఉంది, దాని దిద్దుబాటు లేదు. సవరణ వచ్చింది గాని, ఎర్రాటా రాలేదన్న మాట.

ఫలితం ఏమిటంటే, ఎప్పుడో ఒకసారి, కారణం లేకుండా, సర్వర్లలో ప్రోగ్రాములు బిగుసుకుపోయేవి. ముఖ్యంగా ఇంటెల్ హాస్వెల్ ప్రాసెసర్లున్న యంత్రాలలో ఇది బయటపడింది. విచిత్రమేమిటంటే, ఏమైందో చూద్దామని తనిఖీ సాధనం తగిలించగానే ఆ ప్రోగ్రాము లేచి పనిచేసేది. ఇన్స్పెక్షన్ కు దొర వస్తే నిద్రపోయేవాడెవడు? పైగా కెర్నెల్ నంబరు చూస్తే 2.6.32, అంటే 2009 నాటిది. తప్పు 2014 నాటిది. పుస్తకం అట్ట మీది సంవత్సరం చూసినవాడికి లోపలి చీటీ మీద అనుమానం ఎలా కలుగుతుంది?

2015 మేలో అజుల్ సిస్టమ్స్ కు చెందిన గిల్ టెనె ఈ వివరాలను అందరికీ తెలిసేలా రాశారు. తప్పు తమ కోడ్ లోనే ఉందనుకొని, లేని తప్పు కోసం ఒక మనిషి రెండు నెలల కాలం పోయిందని ఆయన చెప్పుకున్నారు. నా మనసుకు పట్టినది ఇదే. నిజాయితీగా పనిచేసేవాడు తేడా వస్తే ముందు తన లెక్కనే మళ్ళీ మళ్ళీ కూడుకుంటాడు. రూల్సు పుస్తకాన్ని శంకించడు. ఆడిట్ అభ్యంతరం వచ్చిన రోజున మనం కూడా అలాగే చేశాం.

అప్పటికే రెడ్ హ్యాట్ 6.6 కు దిద్దుబాటు ఇచ్చింది. కాని ఒక బ్యారియర్ లోపించింది, చేర్చాం అన్న ఒక్క ముక్క చదివి దాని తీవ్రత ఎంతమంది గ్రహించగలరు? ఆయన పనిగట్టుకుని హెచ్చరించడానికి కారణం అదే. సర్క్యులరు పంపేవారు పైన 'విషయం' అనే చోట, ఇది పాటించకపోతే ఏ పని ఆగిపోతుందో కూడా రాయాలి. అతికించేవారు ఆ సవరణకు మరో సవరణ వచ్చిందేమో చూడాలి. జిగురుసీసాలు పోయినా ఈ రెండు పనులూ ఇంకా మనిషి చేయవలసినవే.