బంతి మన వాకిటికి వచ్చిన కథ



చలి దేశాల తోటల్లో వసంతకాలానికని నీలిపూల చిన్న మొక్క నొకదానిని బారులుగా నాటుతారు. దాని పేరు ఫర్గెట్ మి నాట్, అనగా ‘నన్ను మరువకు’. దానికి చల్లదనమూ, నేలలో ఎడతెగని చెమ్మా కావలె. మన కొండాపురం ఎండలకు అది నిలువదు. మరి మన పూలమడికి తగినదేది? బంతి.

‘మన బంతి’ అంటున్నాము గాని, దాని పుట్టిల్లు మెక్సికో. అక్కడి ఆజ్టెక్ ప్రజలు దానిని పూజకూ, మందుకూ వాడేవారు. 1443లో విజయనగరం చూచిన అబ్దుర్ రజాక్ అక్కడ గులాబీల అమ్మకం గురించి వ్రాసినాడు. కొలంబస్ ఓడ అమెరికా చేరినది 1492లో. కనుక ఆనాటి విజయనగరపు అంగళ్లలో బంతి లేదు. 16వ శతాబ్దంలో స్పెయిన్‌వారు విత్తనాన్ని ఐరోపాకు తెచ్చిరి. పోర్చుగీసువారి ద్వారా మన దేశం చేరిందని చెబుతారు. అట్లా వచ్చిన పువ్వు లేనిదే నేడు గొబ్బెమ్మకు అందం లేదు, గుమ్మానికి తోరణం లేదు.

పరాయి మొక్క ఇంతగా ఎట్లా కలిసిపోయింది? మన కాలానికి ఒదిగింది, గింజ ఇంట్లోనే దొరుకుతుంది. పైగా చేనుకూ పనికివస్తుంది. బంతి వేళ్లలో నులిపురుగులను చంపే పదార్థమున్నదని 1958లో హాలెండు శాస్త్రజ్ఞులు తేల్చిరి. టమాటలో పదహారు సాళ్లకొక బంతి సాలు వేస్తే, కాయతొలుచు పురుగు తల్లి బంతి పూలమీదికే పోయి గుడ్లు పెడుతుంది. రెండూ ఒకేసారి పూతకు రావాలంటే నలభై రోజుల బంతి నారు, ఇరవైయైదు రోజుల టమాట నారు కలిపి నాటవలె.

వాకిటి మడికైతే అక్టోబరు నడుమ నారు పోయండి. నెలలోపు అడుగు ఎడంగా నాటితే సంక్రాంతికి పూలు చేతికొస్తాయి. ఉగాదికి కావాలంటే డిసెంబరు ఆఖరున పోయండి. నల్లరేగడిలో నీరు నిలిచి వేరు కుళ్లుతుంది. మడి ఎత్తుగా కట్టుకోండి.

గండికోట జలాశయం నిండేసరికి కొండాపురం మండలంలో పల్లెలు మునిగినవి. 2020లో తాళ్ళప్రొద్దుటూరు ఖాళీ చేయవలసి వచ్చినది. ఊరు విడిచినవారు పెరటి వేపచెట్టును వెంట తేలేరు, చేరెడు గింజలు తేగలరు. కనుక విస్తరణ కార్యకర్తలారా, కొత్త కాలనీలకు పోయినప్పుడు పాత ఊరి బంతి విత్తనం ఎవరింట ఉన్నదో అడగండి. సంకరజాతి బంతి గింజ తల్లిపోలికను నిలుపుకోదు, నాటు రకమే దాచదగినది. ముద్దగా పూసిన మొక్కను గుర్తుపెట్టి, పువ్వు చెట్టుమీదనే ఎండనిచ్చి, గింజ తీసి నీడన ఆరబెట్టమనండి. తమకు చాలినంత ఉంచుకొని తక్కినది పొరుగింటికి ఇమ్మనండి. నాలుగు వందల ఏండ్లుగా బంతి మనలో బ్రతికినది ఆ ఇచ్చిపుచ్చుకోళ్ల వల్లనే.