ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్ వణుకుతోందా? టైర్లు మార్చే ముందు ఇవి చూడండి

"చేలో బాగానే లాగిందండీ, పామర్రు దాటి బందరు రోడ్డెక్కి అరవై అందుకోగానే బండి వణుకుతోంది." కోతల రోజుల్లో ధాన్యం తోలే రైతులు తరచూ చెప్పే మాట ఇది. చాలామంది వెంటనే టైర్లు మార్చేస్తున్నారు. తొందరపడవద్దు.

మన నల్లమట్టి బంక రిమ్ము లోపలివైపు అంటుకుని ఎండితే చక్రం ఒకపక్క బరువెక్కుతుంది. బయటికి కనపడదు. నాలుగు రిమ్ముల లోపల, ప్రొపెల్లర్ షాఫ్టు మీద మట్టి గీకి కడగండి. చాలా బళ్లకు జబ్బు ఇక్కడే పోతుంది.

బురదలో వేసిన ఫోర్‌వీల్ తీశారో లేదో కూడా చూసుకోవాలి. బొలెరో క్యాంపర్ వంటి బళ్లలో ముందు, వెనుక షాఫ్టుల మధ్య డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో వచ్చే తేడా బురదలో చక్రం జారి సర్దుకుంటుంది. తారు మీద ఆ బిగువంతా షాఫ్టులు, గేర్లు మోయాలి.

ఇక వణుకు ఎక్కడ తెలుస్తోందో గమనించండి. స్టీరింగ్ ఊగితే ముందు చక్రాల వైపు చూడాలి. సీటు కింద సన్నగా జుమ్మంటే షాఫ్టును అనుమానించాలి. చక్రం ఒక చుట్టు తిరిగేసరికి షాఫ్టు సుమారు 4 చుట్లు తిరుగుతుంది. ఖాళీ రోడ్డు మీద, వణికే వేగంలో న్యూట్రల్ చేయండి. తాళం మాత్రం ఆపకూడదు, స్టీరింగ్ లాక్ పడుతుంది. వణుకు అలాగే ఉంటే తప్పు ఇంజనుది కాదు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడే వచ్చి, వదిలితే తగ్గితే క్రాస్‌లు, సెంటర్ బేరింగ్ చూడాలి. అతిలోడుతో కమాను కట్టలు అణిగినా షాఫ్టు వాలు మారి ఇలాగే ఉంటుంది.

క్రాస్ పరీక్షకు బండిని చదునైన చోట ఆపి, ఇంజను కట్టేసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు పెట్టాకే కిందికి దూరాలి. షాఫ్టును చేత్తో అటూఇటూ తిప్పండి. జాయింటు దగ్గర టక్కుమన్నా, క్రాస్ కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పుపొడి కనిపించినా అది అరిగినట్టే. తర్వాత ఒక్క బస్తా కూడా ఎక్కించకండి. ముందు జాయింటు ఊడితే షాఫ్టు కొస రోడ్డులో గుచ్చుకుంటుంది. కాలువ గట్టు మీద అదే జరిగితే చెప్పనక్కర్లేదు.

షాఫ్టు విప్పేముందు ఫ్లాంజి మీద, జారే జాయింటు మీద పెయింటుతో గుర్తులు పెట్టించండి. మా బండికి కొత్త క్రాస్ వేసినా వణుకు పోలేదు. పళ్లు తేడాగా ఎక్కించారని రెండోసారి విప్పాక తెలిసింది.

నీళ్లలో, బురదలో దిగిన బండికి కడిగిన వెంటనే గ్రీజు కొట్టించాలి. గ్రీజు నిప్పిల్ ఉన్న క్రాస్ అయితే నాలుగు కప్పుల నుంచీ పాత గ్రీజు బయటికి వచ్చేదాకా ఆపవద్దు.