సరంగు తెచ్చిచ్చిన గుండు

ఆ డొక్కలు ఇంకో నాలుగు ఇలా వెయ్యండ్రా. కొబ్బరి డొక్క భగ్గున మండదు, లోలోపల రాజుకుంటుంది, పొగే ఎక్కువ. పోన్లెండి, ధనుర్మాసం చలికి అంత సెగ చాలు. దోమల బాధ కూడా ఉండదు.

మా డల్లాస్ మనవడు ఇందాకట్నుంచి సెల్లు నా మొహం మీద పెట్టి ఒకటే ప్రశ్న. అక్కడ వాడి స్నేహితుడెవడో ఉడతల వేటకి తీసుకెళ్తానన్నాడంట. రైఫిలు కొనాలంట. "తాతయ్యా, ఇరవై రెండు తీసుకోనా, పదిహేడు తీసుకోనా?" అంటాడు. వాళ్లమ్మేమో, రాములవారు వేలితో నిమిరిన చారలురా అవి, ఉడతని చంపడమేంట్రా అని గుండె బాదుకుంటోంది. అమెరికా ఉడతలకి చారలుండవమ్మా అని వీడి సమాధానం. ఆ మాట నిజమే. అక్కడి బూడిదరంగు ఉడత అరకిలో తూగుతుంది, వాళ్లకది కూర. మన ఉడతకి తోకతో సహా వంద గ్రాములొస్తే గొప్ప. దాన్ని కొట్టి ఏం చేసుకుంటాం?

నన్నెందుకు అడిగేడంటే, మా పెదనాన్నగారి వెనకాల తూటాల సంచి మోసినవాణ్ణి నేను. ఆయన వేటకాడని కాదు. నాలుగెకరాల కొబ్బరితోట, లంకలో పొగాకు, ఇంట్లో ఒక జోడు గొట్టాల తుపాకి, అంతే. అంతకుముందు మా తాత దగ్గర నాటు తుపాకి ఉండేదంట. గొట్టం మూతిలోంచి మందు పొయ్యడం, మన కొబ్బరిపీచే ఉండచుట్టి గజంతో దట్టించడం, దానిమీద గుళ్లు, మళ్లీ పీచు. సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన నల్లమందు. ఒక్క దెబ్బ కొట్టేసరికి పొగలో పిట్టా కనపడదు, తాతా కనపడడు. రెండో దెబ్బకి సిద్ధమయ్యేలోపు పరజలు రావులపాలెం దాటిపోయేవని మామ్మ నవ్వేది.

పెదనాన్నగారిది పన్నెండు బోరు. పన్నెండంటే ఏంటో తెలుసా? ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లు చేస్తే, ఆ ఒక్కో గుండు ఎంత లావుంటుందో గొట్టం లోపల అంత వెడల్పన్నమాట. అందుకే ఇరవై బోరు కంటే పన్నెండు బోరు లావు. అంకె పెరిగితే సన్నం. లోపలేసే గుళ్లక్కూడా అదే తిరకాసు. ఎల్‌జీ అంటే ఔన్సుకి ఆరే గుళ్లు, ఎస్‌జీ అంటే ఎనిమిది, అవి పందికి. బీబీకి డెబ్భై. నాలుగో నంబరుకి నూట డెబ్భై, ఆరుకి 270, ఎనిమిదికి 450. ఈ లెక్క నాకు ఎక్కాల కంటే ముందొచ్చింది.

ఉల్లంకి పిట్టకి ఎనిమిది. వరికోతలయ్యేక తడి చేలల్లో దిగేవి, లేస్తే వంకరటింకరగా ఎగిరేవి. పరజకి ఆరు. గట్టి ఈకల బాతులకి నాలుగు. అంతకంటే లావు గుళ్లు చిన్న పిట్టకి వేస్తే, తగిలితే తునకలు, లేదా ఆ కాసిని గుళ్ల సందుల్లోంచి పిట్ట తప్పుకుపోవడం. మరీ సన్నం వేస్తే ఇంకా పాపం, గాయంతో ఎగిరి ఏ తుంగలోనో పడి రెండ్రోజులకి చస్తుంది. పెదనాన్నగారికి అది పడదు. కొట్టిన పిట్ట దొరక్కపోతే ఆ పూట అన్నం సయించేది కాదాయనకి. వెతకడానికి మోకాల్లోతు బురదలో నన్ను దింపేవారు, అదీ నా ఉద్యోగం.

సరైన నంబరు వేసేరా లేదా అన్నది మా ఇంట్లో అన్నం పళ్లెం దగ్గర తేలేది. పరజ కూరలో సీసపు గుళ్లు పంటికిందికొచ్చేవి. పిల్లలం పళ్లెం అంచున వరసగా పెట్టి లెక్కపెట్టేవాళ్లం. మూడూ నాలుగూ ఉంటే ఆయన మీసం కింద నవ్వు. పదీ పన్నెండూ వచ్చేయంటే దగ్గర్నుంచి కొట్టేసేరన్నమాట, మా పెద్దమ్మ గరిటె చూపించి ఏదో ఒకటి అనేది. నా దవడపన్ను అంచు విరిగింది ఆరో నంబరుకే. ఇదిగో, ఇప్పటికీ ఉంది.

ఆ రోజుల్లో తూటా ఒళ్లంతా అట్ట, అడుగున మాత్రం ఇత్తడి. మన కోనసీమ తేమకి అట్ట ఉబ్బి గొట్టంలో దూరేది కాదు. దూరినా పేలేక బయటికి రాదు. అందుకని మామ్మ బియ్యం డబ్బాలో దాచేది. అట్లకి బియ్యం తీద్దామని చెయ్యిపెడితే తూటా తగిలేది. కొన్నది ప్రతిదీ లైసెన్సు పుస్తకంలో రాయాలి, ఏడాదికిన్నే అని లెక్క. అందుచేత ఒక్కో తూటా ఒక్కో కొబ్బరిగెల అనుకోండి. ఎలక్షన్లొస్తే తుపాకి స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకోవడం మామూలే. మాకీ తంటా అంతా ఉంటే, సంక్రాంతికి ఊళ్లోకొచ్చే పిట్టలదొర మాత్రం కర్ర తుపాకి భుజానేసుకుని తాను కొట్టిన పులులన్నీ ఏకరువు పెట్టేవాడు. లైసెన్సు లేదు, తూటా ఖర్చు లేదు. ఆయన వేటే వేట.

సరే, వీడి పదిహేడు సంగతి. రైఫిలుకి అంకె అంటే బోరు లెక్క కాదు, గొట్టం వెడల్పు అంగుళంలో నూరో వంతుల్లో. వీడు చెప్పే పదిహేడు హెచ్‌ఎంఆర్ తూటా 2002లో వచ్చిందంట. గుండు బరువు 17 గ్రెయిన్లు. గ్రెయిన్ అంటే గింజ, మన కంసాలి గురివింద గింజతో తూచినట్టే వాళ్లూ ధాన్యపు గింజతో మొదలెట్టేరు. పదిహేడు గ్రెయిన్లంటే మన లెక్కలో గ్రాముకి కాస్త పైన. ఆ గ్రాము ముక్క సెకనుకి 2,550 అడుగులు పోతుందంటాడు వీడు. ఇరవై రెండు లాంగ్ రైఫిల్ 1887 నాటిది. గుండు 40 గ్రెయిన్లు, వేగం అందులో సగం. మరి వేగమున్నదే మంచిది కదా అని వీడి వాదన. ఒరే, అంత వేగంతో అంత పల్చటి గుండు ఉడత ఒంటికి తగిలితే మిగిలేది తోకే. తలకి తగిల్తే సరి, ఆ గురి నీకుందా? కూరకోసమైతే ఇరవై రెండే నయం. నెమ్మదిగా పోయేది, చప్పుడు తక్కువది, చవక. తల దాటి పక్కకి తగిలినా సగం మాంసం దక్కుతుంది. పదిహేడు అయితే పొలాల్లో కన్నాలు తవ్వే జంతువుల్ని దూరం నుంచి కొట్టడానికి బాగుంటుందేమో గాని, చెట్టుమీద ఉడతకి కాదు. ఇదీ నా తీర్పు, నచ్చితే తీసుకో.

అసలు భయం అది కాదు. ఉడత ఎక్కడుంటుంది? చెట్టుమీద. తుపాకి ఎటు చూస్తుంది? ఆకాశంలోకి. తప్పిన గుండు ఎక్కడికెళ్తుంది?

నా పన్నెండో ఏట ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆ తరవాతొచ్చిన సంక్రాంతికి పెదనాన్నగారి స్నేహితుడొకాయన ఇరవై రెండు రైఫిలు పట్టుకుని మా ఇంటికొచ్చేడు. ఆ ఏడు తోటలో ఉడతలు మరీ పేట్రేగిపోయేయి. లేత పిందెలు కొరికి పారేసేవి. పొద్దున్నే తోటలోకెళ్తే చెట్టుకింద పిందెలు రాలి ఉండేవి. ఎలకలైతే బుట్టలు పెట్టి పట్టేవాళ్లుండేవారు, ఉడతకి ఏం పెడతాం? ఉండేలుతో మేం మట్టి ఉండలు విసిరితే అవి మమ్మల్ని చూసి తోక ఆడించేవి. దానికి జోడు తుపాకి ఎందుకండీ, నా రైఫిలుతో ఒక్కోదాన్ని రాలుస్తానన్నాడు స్నేహితుడు. పెదనాన్నగారు మొహమాటస్తులు. సరేనన్నారు.

గోదారి గట్టునున్న చెట్టు మొదట్లోనే, మనిషెత్తు ఎత్తున, మొదలు కరుచుకుని ఉంది ఉడత. కాల్చేడు. చప్పుడు చెయ్యి చరిచినట్టుంది, అంతే. ఉడత గిరుక్కున మొదలు అవతలికి తిరిగింది. తప్పింది, ఇంకోటి కొడదాం అని తూటా మారుస్తున్నాడు. నేను మాత్రం నీళ్లవైపు చూసేను. చలికాలం గోదారి, అద్దంలా ఉంది. మేం పెంకులు విసిరితే ఎలా కప్పగంతులేసేవో అలా ఒకచోట నీళ్లు చిట్లేయి, ఇంకాస్త దూరాన మళ్లీ చిట్లేయి. అంతటితో అయిపోయిందనుకున్నాం.

అప్పుడు వంతెన లేదు. అటు రావులపాలెం వెళ్లాలన్నా ఇటు జొన్నాడ రావాలన్నా రేవులో పడవే. ఓ గంట పోయేక గట్టుమీంచి సరంగు వచ్చేడు. పంచె ఎగ్గట్టుకుని, తలపాగా చేతిలో పెట్టుకుని, వాకిట్లో నిలబడ్డాడు. కోపం లేదు, కేక లేదు. అరచెయ్యి చాపి, "అయ్యగారూ, తమరి వస్తువు మా పడవలో ఉండిపోయిందండి. ఇచ్చి పోదామని వచ్చేనండి" అన్నాడు. అరచేతిలో సీసం ముక్క. ఒక పక్క అణిగిపోయి చింతగింజలా ఉంది. పడవ పక్కచెక్కలో దిగిందంట. ఆ చెక్కకి ఆనుకుని చంటిపిల్ల తల్లి కూర్చునుందంట.

పెదనాన్నగారు అరుగుమీద కూలబడిపోయేరు. "ఎవరికీ ఏం కాలేదు కదా?" అని మూడుసార్లడిగేరు. స్నేహితుడు తన తూటాల పెట్టె తిప్పి చూసేడు. మైలు దూరం దాకా ప్రమాదమని దానిమీదే అచ్చేసి ఉంది. ఇంగ్లీషు బాగా వచ్చినవాడే, ఆ ఒక్క ముక్కా చదవలేదు. జోడు తుపాకి ఆరో నంబరు గుళ్లయితే రెండొందల గజాలు, ఇంకాస్త అటూఇటూ పోయేసరికి చినుకుల్లా రాలిపోతాయి. మన దేశంలో ప్రతి చెట్టుకిందా ఎవడో ఒకడు ఉంటాడు, దింపువాడో, గడ్డికోసే ఆవిడో, పశువుల కుర్రాడో. గుట్ట లేదు, కొండ లేదు, గుండుని ఆపే అడ్డేదీ? మీ టెక్సాసులో కూడా అడుగు. ఉడత వెనకాల లావుపాటి మాను ఉందా, మట్టిదిబ్బ ఉందా, ఉంటే రైఫిలెత్తు. వెనకాల ఆకాశమే ఉంటే గుళ్ల తుపాకి పట్టుకెళ్లు, ఆరో నంబరు వేసుకో.

ఆ రైఫిలు మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. ఉడతలు పిందెలు కొరుకుతూనే ఉన్నాయి, ఇప్పుడు కోకో కాయలు కూడా కొరుకుతున్నాయి. 1972లో వన్యప్రాణుల చట్టమొచ్చింది. చిన్న వేటకి లైసెన్సని ఓ మాట మిగిల్తే 1991లో అదీ పోయింది. ఈసరికి పెదనాన్నగారూ లేరు, తుపాకీ అప్పజెప్పేసేం. బియ్యం డబ్బాలో ఉబ్బిపోయిన అట్ట తూటాలు మూడు మిగిల్తే నేనే స్టేషనుకి పట్టుకెళ్లి ఇచ్చేను.

సరంగు ఆ కన్నాన్ని కొబ్బరిపీచు, గుగ్గిలం పెట్టి పూడ్చేసేడు. డబ్బులిస్తానంటే తీసుకోలేదు, ఇంతోటి చిల్లికి డబ్బులేంటండీ అన్నాడు. ఆ తరవాత రేవు దాటినప్పుడల్లా పెదనాన్నగారు వేరే ఎంత చోటున్నా సరే ఆ పక్కనే వచ్చి కూర్చునేవారు. మాట్లాడుతూ మాట్లాడుతూనే బొటనవేలు ఆ గుగ్గిలం ముద్దమీద ఆనించేవారు. అవతలి గట్టు వచ్చేదాకా తీసేవారు కాదు.