రాష్ట్రపతి: ఏ రాష్ట్రానికి?

తెలుగులో రాష్ట్రమంటే ఆంధ్రప్రదేశో తెలంగాణో; రాష్ట్రపతి మాత్రం దేశమంతటికీ. సంస్కృతంలో రాష్ట్రమంటే రాజ్యం, దేశం. హిందీ ఆ అర్థాన్ని నిలుపుకుంది, మనం కుదించుకున్నాం. స్వాతంత్ర్యానికి ముందు కాంగ్రెస్ అధ్యక్షుణ్ణే రాష్ట్రపతి అనేవారు. ‘పతి’ అంటే ఏలిక. కానీ ఇక్కడ ఏలేది మంత్రిమండలి. దాని సలహాను రాష్ట్రపతి పాటించి తీరాలని 1976లో రాజ్యాంగ 42వ సవరణ తేల్చింది. ఒక్కసారి పునరాలోచించమని తిప్పిపంపే వీలు 1978లో 44వ సవరణ ఇచ్చింది.

అలాగని రబ్బరు స్టాంపు అనేయడమూ తొందరపాటే. 1986 నాటి తపాలా బిల్లుపై నాటి రాష్ట్రపతి జైల్ సింగ్ సంతకం పెట్టనూ లేదు, తిప్పిపంపనూ లేదు. రాజ్యాంగంలో గడువు రాసి లేదు మరి! 2006లో కలాం లాభదాయక పదవుల బిల్లును వెనక్కి పంపినా, మళ్లీ వచ్చాక సంతకం చేశారు. అసలు పట్టు మెజారిటీ చెదిరినప్పుడు దొరుకుతుంది: 1979లో, లోక్‌సభ ముందు ఒక్కరోజైనా నిలబడని ప్రధాని చరణ్ సింగ్ సలహాపై నీలం సంజీవరెడ్డి సభనే రద్దుచేశారు.