విద్యుత్ లారీలతో దూరప్రాంత సరుకు రవాణా

డీజిల్ ఇంజన్‌కు బదులు బ్యాటరీలో నింపుకున్న కరెంటుతో, మోటార్లతో నడిచే సరుకు రవాణా వాహనాన్ని విద్యుత్ లారీ అంటారు. ఊళ్లో పార్సిళ్లు పంచే చిన్న బండ్లకు కరెంటు పనికొస్తుందా అన్న సందేహం ఎప్పుడో తీరిపోయింది. వాదమంతా 40, 50 టన్నుల బరువుతో రాష్ట్రాలు, దేశాలు దాటి పోయే భారీ లారీల గురించే. పద్దెనిమిది చక్రాల లారీలకు బ్యాటరీలు బహుశా ఎన్నటికీ ఆచరణలో సరిపడవని 2020లో బిల్ గేట్స్ రాశారు. 2024 నవంబర్‌లో జర్మనీలోని వోర్త్ కర్మాగారంలో మెర్సిడెస్ బెంజ్ కంపెనీ ఒక చార్జింగ్‌తో 500 కిలోమీటర్లు నడిచే ఈ-యాక్ట్రోస్ 600 లారీల తయారీ మొదలుపెట్టింది. దూరం ఇప్పుడు పెద్ద అడ్డంకి కాదు. బండి ఆగే చోట కరెంటు ఉందా, ఓనర్‌కు అప్పు పుడుతుందా, డ్రైవర్‌కు విశ్రాంతి దొరుకుతుందా అన్నవే అసలు ప్రశ్నలు.

బరువు లెక్క

లీటరు డీజిల్‌లో సుమారు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. ఇంటి మీటరు లెక్కలో యూనిట్ అంటే ఒక కిలోవాట్ గంట. 400 లీటర్ల ట్యాంకు నిండితే 4,000 యూనిట్లు. దాని బరువు 340 కిలోలకు మించదు. ఈ-యాక్ట్రోస్ 600లో ఉన్న మూడు బ్యాటరీల మొత్తం సామర్థ్యం 621 యూనిట్లు, బరువు నాలుగున్నర టన్నుల దాకా. ఈ రెండు అంకెలనే పక్కపక్కన పెట్టి చూసినవారు విద్యుత్ లారీ అసాధ్యమని తేల్చేశారు. ఆ లెక్కలో రెండు సంగతులు లేవు. డీజిల్ ఇంజన్ ఇంధనంలో 40 శాతం చిల్లరనే చక్రాలకు అందిస్తుంది, తక్కినదంతా వేడిగా పోతుంది. మోటారు మాత్రం బ్యాటరీ ఇచ్చిన దానిలో 85 నుంచి 90 శాతం దాకా చక్రాలకు చేరుస్తుంది. రెండోది, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు, బ్రేకు వేసేటప్పుడు మోటారే జనరేటర్‌గా మారి కొంత శక్తిని మళ్లీ బ్యాటరీలోకి పంపుతుంది. డీజిల్ బండిలో ఆ శక్తంతా వేడిగా మారి వృథా అవుతుంది.

2024లో రెండు ఈ-యాక్ట్రోస్ 600 లారీలను 40 టన్నుల బరువుతో ఐరోపా అంతటా 15,000 కిలోమీటర్లకు పైగా నడిపి చూశారు. వంద కిలోమీటర్లకు సగటున 103 యూనిట్లు ఖర్చయ్యాయి. అంతే పని చేసే డీజిల్ లారీ 25 నుంచి 30 లీటర్లు తాగుతుంది. శక్తి లెక్కన అది 250 నుంచి 300 యూనిట్లు.

బ్యాటరీ బరువు మాత్రం నిజమైన నష్టమే. ఇంజను, గేర్‌బాక్సు, డీజిల్ ట్యాంకు లేకపోవడం వల్ల కొంత కలిసొచ్చినా రెండు మూడు టన్నులు అదనంగా మిగులుతాయి. అందుకే ఐరోపా సమాఖ్య పొగలేని లారీలకు మొత్తం బరువులో 2 టన్నులు, అమెరికా 2,000 పౌండ్లు ఎక్కువగా అనుమతిస్తున్నాయి. ఈ నష్టం ఎవరికి తగులుతుందన్నది సరుకును బట్టి ఉంటుంది. చిప్స్ ప్యాకెట్లు, దూది, ఆన్‌లైన్ పార్సిళ్లు వేస్తే తూకం పూర్తి కాకముందే బాడీ నిండిపోతుంది. వాటికి బ్యాటరీ బరువు లెక్కలోకి రాదు. పల్నాడు సిమెంటుకు, చీమకుర్తి గ్రానైటుకు, విశాఖ ఉక్కుకు కిరాయి టన్నుల మీదే. అక్కడ పోయిన ప్రతి టన్నూ ఓనర్ జేబులోంచి పోయినట్టే. భీమవరం రొయ్యలు తీసుకెళ్లే శీతల కంటైనర్‌ది వేరే ఇబ్బంది. చల్లదనానికి కూడా ఆ బ్యాటరీ నుంచే కరెంటు తీయాలి.

ఆగే సమయం

లారీ ఆగకుండా ఎంత దూరం పోగలదన్నది బ్యాటరీ కంటే ముందు డ్రైవర్ ఒళ్లు తేల్చే విషయం. ఐరోపా చట్టం ప్రకారం నాలుగున్నర గంటలు నడిపిన డ్రైవర్ 45 నిమిషాలు ఆగి తీరాలి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో ఆ నాలుగున్నర గంటల్లో 360 కిలోమీటర్లు నడుస్తుంది. రోజుకు అనుమతించిన తొమ్మిది గంటల్లో 720 కిలోమీటర్లు. ఉదయం నిండు బ్యాటరీతో బయల్దేరిన లారీకి మధ్యలో 250 యూనిట్ల వరకు నింపుకుంటే చాలు. 400 కిలోవాట్ల చార్జర్ ఆ పనిని తప్పనిసరి విరామంలోనే ముగిస్తుంది. ఐరోపాలో విద్యుత్ లారీలు ఆచరణలోకి వచ్చాయంటే, కార్మికుల కోసం చేసిన ఈ విశ్రాంతి చట్టం పుణ్యం చాలా ఉంది. చార్జింగ్ కోసం అక్కడ పని గంటలు వృథా కావు.

అమెరికాలో పరిస్థితి కష్టతరం. అక్కడ రోజుకు 11 గంటలు నడపవచ్చు, ఎనిమిది గంటల డ్రైవింగ్ తర్వాత అరగంట విరామం చాలు. వేగాలూ ఎక్కువే. 2017లో ప్రకటించి 2022 డిసెంబర్‌లో పెప్సీకో సంస్థకు తొలి బండ్లు అందించిన టెస్లా సెమీ లక్ష్యం 500 మైళ్లు, అంటే 800 కిలోమీటర్లు కావడం యాదృచ్ఛికం కాదు. దాదాపు ఎనిమిది గంటల ప్రయాణం అది. 2023లో ఒక స్వతంత్ర పరిశీలనలో ఒక సెమీ మధ్య మధ్య చార్జింగ్ చేసుకుంటూ ఒకే రోజులో 1,076 మైళ్లు నడిచింది. అయితే ఆ చార్జర్లు కంపెనీ సొంత డిపోలో ఉన్నాయి. ఊరూపేరూ తెలియని దారిలో వెళ్లే లారీకి ఆ సౌకర్యం ఉండదు.

మన దేశంలో లారీ రోజుకు నడిచే దూరం చాలా తక్కువ, సాధారణంగా 300 నుంచి 400 కిలోమీటర్లు. రద్దీ, రోడ్ల స్థితి, లోడు ఎక్కించడానికీ దించడానికీ పట్టే గంటలు, నగరాల్లో పగటి పూట ప్రవేశ నిషేధం, ఇవన్నీ కలిసి అలా చేస్తాయి. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు, అక్కడి నుంచి విశాఖ 350. అంటే మన దూరప్రాంత లారీ రోజు నడక ఇప్పటికే ఒక చార్జింగ్ పరిధిలోనే ఉంది. దేశం పెద్దది, దూరాలు ఎక్కువ, కాబట్టి కరెంటు బండి కుదరదన్న మాటకు ఈ లెక్క ముందు బలం లేదు.

చార్జింగ్

భారీ వాహనాల కోసం మెగావాట్ చార్జింగ్ సిస్టమ్ అనే ప్రమాణాన్ని 2022 జూన్‌లో ఓస్లోలో ఆవిష్కరించారు. సిద్ధాంతరీత్యా ఒకే తీగతో 3.75 మెగావాట్ల వరకు పంపవచ్చు. ఒక మెగావాట్ అందితే ఈ-యాక్ట్రోస్ బ్యాటరీ 20 నుంచి 80 శాతానికి అరగంటలో చేరుతుందని కంపెనీ చెబుతోంది. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన చట్టం ప్రకారం 2030 నాటికి ప్రధాన రహదారుల మీద ప్రతి 60 కిలోమీటర్లకు, రెండు వైపులా, 3,600 కిలోవాట్ల లారీ చార్జింగ్ స్థావరాలు ఉండాలి. డైమ్లర్, వోల్వో, ట్రాటన్ లారీ తయారీ సంస్థలు మార్కెట్లో పోటీదారులై ఉండి కూడా మిలెన్స్ పేరుతో ఉమ్మడి చార్జింగ్ కంపెనీ పెట్టుకున్నాయి.

ఇక్కడ అసలు చిక్కు చార్జర్ డబ్బాతో కాదు, దాని వెనకాల వచ్చే లైనుతో. తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల (డిస్కమ్‌ల) నిబంధనల్లో 1,500 కేవీఏ (దాదాపు అన్ని కిలోవాట్లే) దాటిన లోడుకు 33 కేవీ లైను, 5,000 కేవీఏ దాటితే 132 కేవీ లైను కావాలి. పది లారీలకు ఒకేసారి తలా 500 కిలోవాట్లు ఇవ్వాలనుకున్న హైవే స్థావరం రెండో హద్దును తాకుతుంది. అంటే సబ్‌స్టేషన్, స్థలం, అనుమతులు, ఏళ్ల తరబడి పని. లారీ కొనడం కంటే దానికి కరెంటు తెప్పించడమే ఆలస్యమవుతుంది.

దీనికి ఒక తేలిక దారి ఉంది, దాన్ని మనవాళ్లు తగినంత పట్టించుకోవడం లేదు. రాత్రి ఎనిమిది గంటలు నిలిపే లారీకి మెగావాట్ అక్కర్లేదు. 500 యూనిట్లు నింపడానికి 60, 70 కిలోవాట్ల చార్జర్ సరిపోతుంది. లారీలు రాత్రి బస చేసే చోట్ల ఇలాంటివి పది పెట్టినా 33 కేవీ దాకా పోనక్కర్లేదు.

భారతదేశంలో ఖర్చు, యాజమాన్యం

మన దేశంలో 55 టన్నుల విద్యుత్ ట్రాక్టర్ (ట్రెయిలర్‌ను లాగే లారీ ముందు బండి) ధర కోటి రూపాయలు దాటుతుంది. డీజిల్ బండి కంటే రెండు మూడు రెట్లు. ఈ తేడా ఎంత త్వరగా తీరుతుందన్నది కరెంటు ఎక్కడ కొన్నామన్న దాని మీద ఆధారపడుతుంది. పూర్తి లోడుతో డీజిల్ బండి లీటరుకు రెండున్నర కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. లీటరు 95 రూపాయలైతే కిలోమీటరుకు 38 రూపాయలు. విద్యుత్ బండి కిలోమీటరుకు ఒకటిన్నర యూనిట్లు తీసుకుంటుందనుకుంటే, సొంత డిపోలో యూనిట్ 8 రూపాయలకు దొరికితే ఖర్చు 12 రూపాయలే. అదే హైవే మీద ప్రైవేటు చార్జర్ దగ్గర 20 రూపాయలు పెడితే 30 అవుతుంది. ఏడాదికి లక్ష కిలోమీటర్లు తిరిగే బండికి మొదటి పద్ధతిలో 26 లక్షలు, రెండో పద్ధతిలో 8 లక్షలు మిగులుతాయి. మొదటిదానిలో ఈఎంఐ కట్టవచ్చు. రెండోదానిలో ఈఎంఐకి చాలదు.

బ్యాటరీ ధరలు 2010లో యూనిట్ సామర్థ్యానికి వెయ్యి డాలర్లకు పైన ఉండి, 2024 నాటికి సగటున 115 డాలర్లకు దిగాయి. ధర ఇంకా దిగవచ్చు. మారకుండా మిగిలేది మన లారీ వ్యాపారపు స్వభావం. ఇక్కడ ఎక్కువ లారీలు అయిదుకు మించి బండ్లు లేని చిన్న ఓనర్లవి. డ్రైవర్ లోడు దించాక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు ముందు రిటర్న్ లోడు కోసం కాచుకుంటాడు. నాగపూర్‌కు దొరికితే నాగపూర్, కటక్‌కు దొరికితే కటక్. రేపటి దారి ఈ రోజు తెలియని బండికి చార్జింగ్ ప్లాన్ ఎలా వేయాలి? పైగా సెకండ్ హ్యాండ్ మార్కెట్ ఇంకా ఏర్పడలేదు కాబట్టి, తిరిగి అమ్మితే ఎంత వస్తుందో తెలియని బండికి ఫైనాన్స్ కంపెనీలు వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ పెడతాయి. చైనా మార్కెట్‌లో విద్యుత్ లారీలు వేగంగా పెరగడానికి స్థిరమైన దారులు పెద్ద కారణం. 2024లో ప్రపంచమంతా అమ్ముడైన విద్యుత్ లారీల్లో అయిదింట నాలుగు వంతులకు పైగా అక్కడే అమ్ముడయ్యాయి. ఉక్కు మిల్లులు, బొగ్గు గనులు, ఓడరేవుల మధ్య తిరిగే బండ్లు అందులో చాలా ఉన్నాయి. అక్కడ చార్జింగ్‌కు ఆగకుండా కొన్ని నిమిషాల్లో బ్యాటరీనే మార్చేసే స్థావరాలూ నడుస్తున్నాయి.

కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబర్‌లో మొదలుపెట్టిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో విద్యుత్ లారీలకు 500 కోట్లు కేటాయించింది. 2025 జులైలో ప్రకటించిన వివరాల ప్రకారం ఒక్కో బండికి గరిష్ఠంగా 9.6 లక్షలు, మొత్తం సుమారు 5,600 బండ్లకు. పాత లారీని తుక్కు చేయించిన పత్రం చూపాలి. యాభై అరవై లక్షల తేడా ముందు ఈ సాయం చిన్నది. సిమెంటు, ఉక్కు కంపెనీలకు ఇది కలిసొస్తుంది కానీ రెండు లారీల ఓనర్‌ను ఈ దారిలోకి తేలేదు. అతనికి కావలసింది సబ్సిడీ కంటే ముందు అప్పుకు హామీ.

పొగ

దేశంలోని వాహనాల్లో డీజిల్ లారీలు 3 శాతమే అయినా, రవాణా రంగం వదిలే హరితగృహ వాయువుల్లో 42 శాతం వాటివేనని ప్రభుత్వమే చెబుతోంది. అయితే కరెంటు బండి రాగానే ఇదంతా మాయమైపోదు. లీటరు డీజిల్ మండితే 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. బొగ్గు మీద ఆధారపడిన మన గ్రిడ్‌లో యూనిట్ కరెంటుకు సగటున 0.7 కిలోలు వస్తుంది. పైన చెప్పిన మైలేజీలతో లెక్కిస్తే రెండు బండ్లూ కిలోమీటరుకు ఒక కిలో దగ్గరే తేలతాయి. ముడి చమురు తవ్వకం, శుద్ధి, రవాణా కలిపితే కరెంటు బండికి కొంత మొగ్గు వస్తుంది, అంతే. ఓడరేవుల్లో, ఊళ్ల మధ్య పొగ, రొద తగ్గడం మాత్రం మొదటి రోజు నుంచే దక్కే లాభం. పగటి సౌర విద్యుత్‌తో చార్జ్ చేస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. హైదరాబాద్, బెంగళూరుల మధ్య 44వ నంబర్ జాతీయ రహదారి మీదున్న కర్నూలుకు దగ్గరలోనే, ఓర్వకల్లు వద్ద, వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. మధ్యాహ్నం ఆగే లారీలకు అంతకంటే అనువైన చోటు దక్కన్‌లో కనిపించదు.

ఇతర మార్గాలు

రైలు మార్గం మీద లాగా రోడ్డు మీద తీగలు కట్టి లారీలు నడిపే ప్రయోగం 2016లో స్వీడన్‌లో, 2019లో జర్మనీలో జరిగింది. అది విస్తరించలేదు. హైడ్రోజన్ లారీలు త్వరగా ఇంధనం నింపుకుంటాయి. కానీ కరెంటుతో హైడ్రోజన్ చేసి, దాన్ని మళ్లీ కరెంటుగా మార్చే క్రమంలో మూడింట రెండు వంతుల శక్తి పోతుంది. ఆ రంగంలో పేరు మోసిన అమెరికా కంపెనీ నికోలా 2025 ఫిబ్రవరిలో దివాలా రక్షణ కోరింది.

ఏది సాధ్యం

రానూపోనూ ఒకే దారి, రెండు చివర్లా సొంత చార్జర్లు, ఏడాదికి లక్ష కిలోమీటర్ల పని. ఈ మూడూ ఉన్న చోట 300, 400 కిలోమీటర్ల దూరాలకు విద్యుత్ లారీ ఇవాళే గిట్టుబాటు అవుతుంది. విశాఖ నుంచి చెన్నైకి 800 కిలోమీటర్ల దారిని విజయవాడలో విరిచి, అక్కడ ట్రాక్టర్‌నూ డ్రైవర్‌నూ మార్చి ట్రెయిలర్‌ను ముందుకు పంపితే అంత దూరమూ సాధ్యమే. ఎటు లోడు దొరికితే అటు పోయే బండికి మాత్రం ఇంకా కాలం రాలేదు.

ఐరోపాలో లాగే మన దేశంలో కూడా 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం అయిదు గంటల పని తర్వాత అరగంట విశ్రాంతి ఇవ్వాలనేది. రోడ్డు మీద అది అమలైంది తక్కువ. ఆగడానికి నీడ, నీళ్లు, స్నానాల గది లేని చోట డ్రైవర్ ఎందుకు ఆగుతాడు? చమురు కంపెనీలు కొన్ని బంకుల్లో ‘అప్నా ఘర్’ పేరుతో డ్రైవర్లకు విశ్రాంతి గదులు కట్టాయి. లారీ చార్జర్లు మొదట పెట్టవలసింది అక్కడే. కొత్తగా అనుమతిచ్చే ప్రతి హైవే చార్జింగ్ స్థావరంలోనూ మంచం, మంచినీళ్లు, స్నానాల గది ఉండాలన్న షరతును ప్రభుత్వాలు ఇప్పుడే రాయాలి.